వాడుకలో లేదని రాశాను

న్యూకాసిల్‌లో నేను పనిచేసిన కన్సల్టెన్సీలో నన్ను వెనకాల "ఊళ్లు రాసే ఆయన" అనేవాళ్లని రిటైరయ్యే రోజున గానీ నాకు తెలియలేదు. అది వెక్కిరింతో మెచ్చుకోలో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. పని మాత్రం అదే. ఎక్కడో ఒక దేశంలో, ఒక చిన్న ఊరికి నీళ్ల ట్యాంకో, రేవో, రోడ్డో కట్టాలని డబ్బిచ్చే సంస్థలు అనుకుంటాయి. కట్టేముందు ఆ ఊరు ఎలా ఉంటుందో వాళ్లకి తెలియాలి. వాళ్లు వెళ్లరు. నన్ను పంపుతారు. నేను వెళ్లి, కొన్నాళ్లు అక్కడే ఉండి, ఎన్ని ఇళ్లు, ఏం తింటారు, నీళ్లు ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటారు, పడవలు ఎక్కడ ఆపుతారు, అన్నీ పన్నెండు పేజీల ఫారంలో నింపి తెచ్చేవాణ్ణి. దాన్ని సెటిల్‌మెంట్ ప్రొఫైల్ అంటారు. ఇంజనీర్లు ఆ పన్నెండు పేజీలు చూసి డిజైన్లు గీసేవారు.

ఇప్పుడు ఇలాంటి ఉద్యోగాల్లో కొత్తగా చేరిన మన పిల్లలు కొందరు వారాంతాల్లో మా ఇంటికి వస్తుంటారు. భోజనాలయ్యాక "అంకుల్, మీ కెరీర్‌లో బెస్ట్ ప్రాజెక్ట్ ఏది?" అని అడుగుతారు. మర్యాదకి అడుగుతారని తెలుసు, అయినా సంతోషంగానే ఉంటుంది. కానీ బాబూ, అమ్మా, బెస్ట్ సంగతి వదిలేయండి. నేను చెడగొట్టిన ఊరి గురించి చెప్తాను. నేను రోజూ తలుచుకునేది దాన్నే.

ఇండోనేషియాలో తూర్పుగా, మలుకు దీవుల్లో ఒక చిన్న దీవి. ఆ దీవికి ఒక పక్కన ఆ ఊరు. పేరు చెప్పను. చెప్తే మీరు వెంటనే ఫోన్ తీసి వెతుకుతారు, పైనుంచి తీసిన బొమ్మ చూసి ఊరు చూసేశాం అనుకుంటారు. న్యూకాసిల్ నుంచి నాలుగు విమానాలు మారి, ఒక లాంచీ ఎక్కి, ఆఖర్న మోటారు పడవలో వెళ్లాలి. ఆ పడవ కూడా ఒడ్డు దాకా రాదు. పగడపు దిబ్బ అడ్డం. ఛాతీ లోతు నీళ్లలో దిగి, పెట్టె నెత్తిన పెట్టుకుని నడవాలి. నేను అలాగే దిగాను. బూట్లు విప్పడం మర్చిపోయాను.

ఊరంటే రెండు వరసల్లో నలభై ఇళ్లు, మధ్యలో ఒక్కటే దారి. రేకుల కప్పులు. ప్రతి ఇంటి ముందూ తెల్ల ఇసక. పొద్దున్నే ఆడవాళ్లు ఈనెల చీపుళ్లతో చిమ్మితే ఆ చారలు మధ్యాహ్నం దాకా అలాగే ఉండేవి. దారి పొడుగునా పట్టాల మీద లవంగాలు ఎండబోసేవారు. వాన చుక్క పడగానే, అది ఎవరి పట్టా అని చూడకుండా, దగ్గర్లో ఉన్నవాళ్లు చుట్టేసి ఎవరో ఒకరి వరండాలో పెట్టేవారు. తర్వాత ఎవరిది వాళ్లు వెతుక్కుని తీసుకెళ్లేవారు. ఊరంతా లవంగాల వాసనే. నా చొక్కాలకి పట్టిన ఆ వాసన న్యూకాసిల్ వచ్చాక మూడు ఉతుకుల దాకా పోలేదు. నాలుగో ఉతుక్కి పోయింది, బాధేసింది.

అక్కడ ఎదురుపడ్డ ప్రతివాళ్లూ "ఎక్కడికి?" అని అడుగుతారు. వాళ్లకి అదే పలకరింపు. మావైపు బయటికి వెళ్లేవాణ్ణి అలా అడిగితే ఇంట్లో పెద్దవాళ్లు కళ్లెర్రజేసేవారు, శకునం చెడిందని చెంబు నీళ్లు తాగించి మళ్లీ పంపేవారు. మొదటి రెండు రోజులూ నాకూ చిరాకేసింది. మూడో రోజు నుంచి జవాబు చెప్పడం నేర్చుకున్నాను. "బావి దగ్గరికి." "బడి దాకా." "ఊరికే." ఆ "ఊరికే" విని నవ్వేవారు. ఇక్కడ న్యూకాసిల్‌లో మా వీధిలో ముప్ఫై ఏళ్లుగా ఉంటున్నాను. పక్కింటాయన "ఆల్‌రైట్?" అంటాడు, నా జవాబు వచ్చేలోగా కారెక్కేస్తాడు. ఆయన తప్పేం లేదు, ఇక్కడి పద్ధతి అది. కానీ ఎక్కడికి వెళ్తున్నావని ఎవరైనా అడిగితే బాగుండునని కొన్ని రోజులు గట్టిగా అనిపిస్తుంది.

నేను బస చేసింది ఆ ఊరి బడిలో ఇంగ్లీషు చెప్పే టీచరమ్మ ఇంట్లో. నాకు దుబాసీ కూడా ఆవిడే. నలభై ఏళ్లుంటాయి. ఇంగ్లీషు నెమ్మదిగా, ఒక్కో మాటా తూచినట్టు మాట్లాడేది. మనవాళ్లు అంకుల్ అన్నట్టు అక్కడ పెద్దవాళ్లని "ఓం" అంటారు. మొదటిసారి ఆవిడ నన్ను అలా పిలిచినప్పుడు ఏదో పూజ మొదలుపెడుతోందనుకున్నాను. ఆ ఇంట్లో ఆవిడ, ఆవిడ తల్లి, ఇద్దరే. సాగో చెట్టు మొద్దులోంచి తీసిన పిండిని వేడినీళ్లలో కలిపి, జిగురు ముద్ద చేసి, రెండు పుల్లలతో చుట్టి, పసుపు వేసిన చేపల పులుసులో వేసి ఇచ్చేవారు. దాన్ని మింగాలి, నమలకూడదు. నేను మొదటి రోజు నమిలాను. ముసలావిడ పడీ పడీ నవ్వింది. ఆ తర్వాత రోజూ నేను మింగేదాకా నా గొంతు వంకే చూస్తూ కూర్చునేది.

ఆ ముసలావిడకి గుండె జబ్బు. నెలకోసారి పెద్ద దీవిలో ఆసుపత్రికి వెళ్లాలి. నేనున్నప్పుడు ఒకసారి వెళ్లింది. నలుగురు మగవాళ్లు ఆవిణ్ణి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, కుర్చీని భుజాల మీదికెత్తి, అలల్లో దిగి పడవ దాకా మోశారు. ఎండగా ఉందని వెనకాల నేను గొడుగు పట్టాను. రెండో అలకి గొడుగు తిరగబడింది, నేనూ పడ్డాను. ముసలావిడ కుర్చీ మీంచి వంగి చూసి నవ్వింది. అందరం నవ్వాం. కానీ మోసినవాళ్ల మొహాల్లో భయం నాకు కనపడింది. అంతకు ముందు వానాకాలంలో ఒక నిండు గర్భిణిని అలాగే మోస్తుంటే కుర్చీ జారిందట. ప్రాణాలు దక్కాయి, అంతే. పడవ ఆగడానికి ఒక రేవు, ఆ ఊరు అడిగేది అదొక్కటే. నేను వెళ్లింది ఆ రేవు కోసమే.

ఊరికి తూర్పు చివర రాళ్ల గట్టు దాటితే ఒడ్డు లోపలికి వంపు తిరుగుతుంది. ఆ వంపులో అలలుండవు. నీళ్లు లోతుగా, నిలకడగా ఉంటాయి. పొద్దున్నే అటు నడిచేవాణ్ణి. గట్టు దగ్గర రెండు వెదురు గడలు పాతి, వాటికి లేత కొబ్బరాకులు కట్టి ఉండేవి. మావైపు పెళ్లి పందిరికి కట్టినట్టే. నాకు ముచ్చటేసింది. ఏదో పండగ జరిగినట్టుంది అనుకుని ఫోటో తీశాను, కింద "పండగ అలంకరణ" అని రాసుకున్నాను. దాటి ముందుకి మాత్రం వెళ్లేవాణ్ణి కాదు. అక్కణ్ణుంచి రాళ్లు పాకుడు పట్టి ఉన్నాయి, నా మోకాలు అప్పటికే గొణుగుతోంది. అక్కడే నిలబడి కాసేపు చూసి వెనక్కి వచ్చేసేవాణ్ణి.

నేనున్నన్నాళ్లూ ఆ నీళ్లలో ఒక్క పడవ లేదు, ఒక్క వల లేదు, ఈత కొట్టే పిల్లలు కూడా లేరు. ముసలావిణ్ణి అలల్లో మోస్తున్న రోజున కూడా, పక్కనే ఇంత కదలని నీళ్లు ఉండగా వీళ్లకి ఈ అవస్థ ఏమిటి అనుకున్నాను. అలవాటు కాబోలు, దూరం కాబోలు అని నాకు నేనే జవాబు చెప్పుకున్నాను. పక్కనే తిరుగుతున్న టీచరమ్మని అడగలేదు. కంటితో చూసిందే రాయాలి, చెప్పుడు మాటలు రాయకూడదు అని మా ఆఫీసులో ఒక నియమం. ఆ నియమం పట్టుబట్టి పెట్టించింది నేనే. ఫారం ఏడో పేజీలో, ఆ వంపు ఎదురుగా రెండు గళ్లున్నాయి. "వాడుకలో లేదు" అన్న గడిలో టిక్కు పెట్టాను.

నేను కాకినాడ దగ్గర పుట్టినవాణ్ణి. మాకు ఏటా ఎండాకాలంలో వేట నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని బోట్లన్నీ ఒడ్డున కట్టేస్తారు. సముద్రం ఖాళీగా ఉంటుంది. ఆ రోజుల్లో ఎవడైనా తెల్లదొర వచ్చి, చూసి, ఈ సముద్రాన్ని ఎవరూ వాడటం లేదని రాసుకుపోతే మా వీధి వీధంతా ఏడాది పాటు చెప్పుకుని నవ్వేది. అలాంటి చోట పుట్టి పెరిగిన నేనే ఆ రాత రాశాను. తెల్లదొరకైనా ఆ కొబ్బరాకులేమిటని అడగాలని తోచేదేమో. నాకు అవి తెలిసినవే అనిపించాయి, అక్కడే మోసపోయాను.

తిరిగొచ్చాక పని చకచకా నడిచింది. ఇంజనీర్లు నా పన్నెండు పేజీలు చూసి ఎగిరి గంతేశారు. లోతైన నీళ్లు, అలలు లేవు, వాడేవాళ్లు లేరు. రేవు ఆ వంపులోనే అని గీసేశారు. ఆ దీవుల్లో రేవులు అడిగిన ఊళ్లు చాలా ఉన్నాయి, ఆ విడతలో కట్టేది కొన్నే. మా ఊరు మొదటి వరసలో ఉంది. మా ఊరు అనేశాను చూశారా, అప్పుడే అలా అలవాటైపోయింది.

మా ఆఫీసులో మ్యాపులు గీసే అమ్మాయి హైదరాబాదు నుంచి వచ్చింది. మాస్టర్స్ ఇక్కడే చేసి, అదే మొదటి ఉద్యోగం. ఆఫీసులో అందరూ ఒకళ్లనొకళ్లు పేర్లతో పిలుచుకుంటుంటే నన్ను మాత్రం అంకుల్ అనేది. వద్దంటే రెండు రోజులు మానేసి మళ్లీ మొదలుపెట్టేది. ఆఖరి సమీక్షకి వారం ఉందనగా ఒక మధ్యాహ్నం లాప్‌టాప్ పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చింది.

"అంకుల్, జర ఈ ఫొటోలు చూడున్రి. గీ కొబ్బరాకులు. పండుగ అని రాసిన్రు గదా?"

"అవును. ఏమైంది?"

"గిది మీరు పోయిన రెండో రోజు ఫొటో. గిది మీరు వాపస్ వచ్చే ముందు రోజుది. రెండింట్ల ఆకులు పచ్చగనే ఉన్నయి. గంత ఎండల అన్ని రోజులు పచ్చగెట్లుంటయి అంకుల్? ఎవరో పాతయి తీసేసి కొత్తయి కడుతున్నరు. పండుగ అయిపోయినంక ఎవరు కడతరు?"

నేను రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. ఆకులు కట్టిన తీరు కూడా వేరు. ఒకదాంట్లో ముడి కుడివైపు, ఒకదాంట్లో ఎడమవైపు. "టీచరమ్మని కనుక్కుంటాను" అన్నాను.

మర్నాడు పొద్దున్నే వాట్సాప్‌లో కాల్ చేశాను. వాళ్లకి అది సాయంత్రం. ఆ ఆకులేమిటని టీచరమ్మని అడిగాను. నేను వేళాకోళం ఆడుతున్నాననుకుందట.

"సాసి, ఓం. ఆ నీళ్లు మూసి ఉన్నాయి" అంది.

తర్వాత చిన్నపిల్లలకి పాఠం చెప్పినట్టు చెప్పుకొచ్చింది. చర్చిలో ప్రార్థన చేసి ఆ వంపుని మూస్తారు. లోపల గుల్లలు, చేపలు పెరిగేదాకా, ఏడాది గానీ రెండేళ్లు గానీ, ఎవరూ దిగరు, పడవ వెళ్లదు. దాన్ని చూసుకోవడానికి ఒక పెద్దాయన ఉంటాడు. ఆకులు వాడితే కొత్తవి కట్టేది ఆయనే. పెరిగింది చాలని పెద్దలు అనుకున్న రోజున ఆకులు విప్పుతారు, ఊరంతా ఒకేసారి దిగుతుంది. దొరికినదాంట్లో ముందు ముసలివాళ్లకి, భర్త పోయిన ఆడవాళ్లకి, బడికి వాటాలు తీస్తారు. బడికి కప్పు వేసింది దానితోనే. ఏ తాత కాలం నుంచి ఇలా జరుగుతోందో ఆవిడకీ తెలియదు.

"మరి నాకెందుకు చెప్పలేదు?" అన్నాను. గొంతులో కోపం వచ్చేసింది, సిగ్గుపడాల్సిన చోట.

"మీకు తెలుసనుకున్నాం. రోజూ అక్కడిదాకా వెళ్లి, ఆకుల దగ్గర ఆగి, నిలబడి వెనక్కి వచ్చేసేవారు. ఈయన దేశంలో కూడా ఉంటుంది కాబోలు, ఎంత మర్యాద తెలిసిన మనిషో అని పెద్దాయన అందరికీ చెప్పాడు."

ఇంకో మాట కూడా చెప్పింది. వాళ్లమ్మకి జబ్బు చేసినప్పుడు, పడవని వంపులోకి రానిస్తానని పెద్దాయనే వచ్చి అన్నాడట. ముసలావిడ ఒప్పుకోలేదట. ఒక్కరి కోసం తెరిస్తే అది ఇక మూసినట్టు కాదు, నన్ను అలల్లోంచే మోయండి అందట. గొడుగుతో పడ్డ నన్ను చూసి నవ్విన మనిషి ఆవిడే. రేవు ఆ వంపులోనే కడుతున్నారని చెప్పకుండానే ఫోన్ పెట్టేశాను.

మా టీమ్ లీడర్ న్యూకాసిల్‌లోనే పుట్టి పెరిగినవాడు. మంచివాడు. ఎవరికి ఏ కష్టమొచ్చినా ముందు కెటిల్ ఆన్ చేసేవాడు. నా మాటంతా విని, టీ చేతికిచ్చి, "పెద్ద రిపోర్టు చివర అనెక్స్‌లో ఒక ఫుట్‌నోట్ వేద్దాం. నిజం చెప్పినట్టే ఉంటుంది, ప్రాజెక్టూ ఆగదు. ఇప్పుడు చోటు మార్చమంటే డబ్బిచ్చేవాళ్లు ఆ ఊరినే జాబితాలోంచి తీసేస్తారు. నీ ముసలావిడకి రేవు కావాలా, వద్దా?" అన్నాడు.

ఆ చివరి మాట నన్ను పట్టేసింది. ఫుట్‌నోట్ రాశాను. స్థానికులు కొన్ని కాలాల్లో ఈ ప్రాంతాన్ని ఉపయోగించే అవకాశం ఉంది అని, చీమ తలకాయంత అక్షరాల్లో, ఆ రిపోర్టు ఎనభయ్యో పేజీ అడుగున. పిల్లలూ, నేను సిగ్గుపడేది టిక్కు పెట్టినందుకు కాదు. అది తెలియక చేసింది. ఫుట్‌నోట్ తెలిసి రాసింది.

మ్యాపుల అమ్మాయి దాన్ని చూసింది. "అంకుల్, గింత సన్నగ రాస్తే నాకే సదువ వస్తలేదు. లండన్ల కూసోని పైసలిచ్చేటోళ్లు సదువుతరా?" అంది. అని ఊరుకుని తన సీటుకి వెళ్లిపోయింది. నన్ను తిట్టినా బాగుండేది.

ఆ సాయంత్రం ఇంట్లో మా ఆవిడకి చెప్పాను. ఆవిడ ఆసుపత్రిలో ఫార్మసిస్టు. మర్నాటి డ్యూటీల రోటా చూసుకుంటూ విని, "తప్పు రాసింది మీరండీ. చెప్పాల్సింది మీరే. దానికి నన్నడిగితే నేనేం చేత్తాను?" అంది. కోపం వస్తే మా ఆవిడ నోట అచ్చమైన కాకినాడ వచ్చేస్తుంది. "మరి ఆ ముసలావిడ రేవు?" అన్నాను. "ఆవిడే వద్దంది కదా ఆ నీళ్లు. ఆవిడ కాదన్నదాన్ని ఆవిడ పేరు చెప్పి మీరు కట్టించేత్తారా?" అని లేచి వెళ్లిపోయింది.

సమీక్ష రోజున డబ్బిచ్చే సంస్థ తరఫున లండన్ నుంచి ఒకావిడ వచ్చింది. తెరమీద నేను తీసిన ఫోటోనే వేశారు. వంపు, నీలంగా, కదలకుండా. "ఇంత మంచి చోటుని ఎవరూ వాడకపోవడం విచిత్రంగా ఉంది" అందావిడ. మామూలుగా అన్న మాటే, జవాబు ఆశించి కూడా కాదు. టీమ్ లీడర్ స్లైడ్ మార్చబోతున్నాడు.

"వాడుతున్నారండీ" అన్నాను. నేను లేచి నిలబడ్డానన్న సంగతి అప్పటిదాకా నాకే తెలియదు. "అది మూసి ఉంది. వాడటానికే మూశారు. నేను అడగకుండా రాశాను. ఏడో పేజీ తప్పు."

అంతా చెప్పాను. కొబ్బరాకులు, పెళ్లి పందిరి, అన్నీ. ఎవరూ నవ్వలేదు. ఆవిడ శ్రద్ధగా రాసుకుంది. ఇంకో చోటేదైనా ఉందా అని అడిగింది. ఊళ్లో చర్చి కింద ఒడ్డు ఉంది, కానీ అక్కడ పగడపు దిబ్బలో దారి చేయాలి, కొత్తగా సర్వే చేయాలి, ఏడాది పడుతుంది అన్నారు మా ఇంజనీర్లు. ఆవిడ ఫైలు మూసి, "నిజం చెప్పినందుకు థాంక్స్. కానీ ఈ విడతలో ఈ ఊరు ఉండదు. జాబితాలో తర్వాతి ఊరికి వెళ్దాం" అంది. మధ్యాహ్నం భోజనానికి ముందే అయిపోయింది. టీమ్ లీడర్ ఆ రోజు టీ పెట్టలేదు. ఆ తర్వాత నన్ను ఏ ఊరికీ పంపలేదు. మిగిలిన సర్వీసంతా వేరేవాళ్లు నింపిన ఫారాలు దిద్దడంతో సరిపోయింది.

టీచరమ్మకి నేనే ఫోన్ చేసి చెప్పాను. వంపు దక్కింది కదా, కోప్పడదులే అని లోపల ఒక ఆశ ఉండేది. ఆవిడ కోప్పడింది.

"మొదటి రోజే అడిగి ఉంటే మొదటి రోజే చెప్పేవాళ్లం. చర్చి కింద అని రాసుకునేవారు. సర్వే అప్పుడే అయ్యేది. వంపు మేం ఎలాగూ ఇచ్చేవాళ్లం కాదు ఓం. మీ వల్ల పోయింది రేవు. అమ్మ రోజూ అడుగుతోంది, పని ఎప్పుడు మొదలవుతుందని. నేనేం చెప్పను?"

ఆవిడ పక్కనున్న పెద్దాయనతో వాళ్ల భాషలో ఏదో మాట్లాడి, "పెద్దాయన ఒక మాట అడగమన్నాడు. ఆ రేవు ఇంకో ఊరికి వెళ్తోంది కదా, ఆ ఊళ్లో ఎవరినైనా అడిగారా అని" అంది.

అడగలేదు. ఆ ఊరు రాసినతను పక్క బల్ల దగ్గరే కూర్చునేవాడు. మర్నాడు అతని వెంటపడి, పోరు పెట్టి అడిగించాను. అదృష్టం, అక్కడ అలాంటిదేమీ లేదు. ఆ తర్వాత ఫారంలో ఒక వరస చేర్పించాను. ఈ చోటుని ఎవరైనా మూసి ఉంచారా, ఎవరిని అడిగి తెలుసుకున్నావు అని. ఇప్పుడు మీరు ఆ ఫారం నింపుతుంటే ఆ వరస చూసి విసుక్కోకండి.

టీచరమ్మ ఆ తర్వాత నా మెసేజ్‌లకి జవాబివ్వలేదు. క్రిస్మస్‌కి పెట్టేవాణ్ణి, రెండు నీలం టిక్కులు పడేవి, అంతే. ఏళ్లు గడిచాయి. రిటైరయ్యాను. మోకాలికి ఆపరేషన్ అయింది. మా అమ్మాయి లండన్‌లో, ఇల్ఫర్డ్‌లో ఉంటుంది. వెళ్లినప్పుడల్లా ఈస్ట్ హామ్‌లో సరుకులకి తీసుకెళ్తుంది. ఒకసారి అక్కడ దుకాణంలో లవంగాల బస్తా విప్పుతుంటే ఆ నడవలోనే నిలబడిపోయాను. "నాన్నా, వాట్స్ రాంగ్?" అని మా అమ్మాయి కంగారుపడింది. ఏం లేదన్నాను. కాకినాడ మీద నాకు బెంగ లేదు, రెండేళ్లకోసారి వెళ్తూనే ఉంటాను. బెంగంతా నేను ముచ్చటగా మూడు వారాలు కూడా ఉండని ఆ ఊరి మీద. నాకు ఏమీ కాని ఊరి మీద, నా వల్ల నష్టపోయిన ఊరి మీద ఇంత బెంగ ఏమిటో ఎవరికి చెప్పినా అర్థం కాదు. చెప్పడం మానేశాను.

పోయిన చలికాలంలో టీచరమ్మ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. చర్చి కింద చిన్న రేవు కావాలని ఊరివాళ్లే జిల్లా ఆఫీసుకి అర్జీ పెడుతున్నారట. ఊరి వివరాలన్నీ రాసివ్వమన్నారట. "మీరు రాసింది నా దగ్గర ఉంది. ఒక్క ఏడో పేజీ తప్ప అంతా బాగానే రాశారు. వాడుకోవచ్చా?" అని అడిగింది. వాడుకోవడమేమిటి, కూర్చుని మళ్లీ రాద్దాం అన్నాను.

ఏడు శనివారాలు పట్టింది. నాకు పొద్దున, ఆవిడకి సాయంత్రం. ఈసారి గళ్లు లేవు, టిక్కులు లేవు. ఆవిడ చెప్పేది, నేను టైపు చేసేవాణ్ణి. అర్థం కాకపోతే అడిగేవాణ్ణి, అర్థమైనా ఇంకోసారి అడిగేవాణ్ణి. విసుక్కునేది. నేను వదిలేవాణ్ణి కాదు. ముసలావిడ మధ్యలో వచ్చి తెరలోకి తొంగిచూసి, నేను ఇంకా నమిలే తింటున్నానా అని కనుక్కుంది. ఆవిడ ఇప్పటికీ కుర్చీలోనే వెళ్తోంది. మోసే నలుగురిలో ఇద్దరు మారారు.

వంపు సంగతి ఆఖర్న మిగిలింది. ఈ ఏళ్లలో దాన్ని తెరిచి, మళ్లీ మూశారట. "ఎలా రాయను?" అని అడిగాను.

"మూసి ఉంది అని రాయండి. మా తర్వాత వచ్చేవాళ్ల కోసం మూసి ఉంది అని."

రాశాను. అర్జీ వెళ్లింది. చర్చి కింద చోటు చూడటానికి జిల్లా ఆఫీసు నుంచి ఒక ఇంజనీరు వస్తాడని పోయిన నెల కబురొచ్చిందట. వస్తాడో రాడో, వచ్చినా కడతారో లేదో తెలియదు. ఆ సంగతి చెప్పడానికే టీచరమ్మ ఫోన్ చేసింది. పెట్టేయబోతుంటే ఆపి, చాలా రోజులుగా గొంతులో ఉన్నది అడిగేశాను.

"ఆ నీళ్లు తెరిచే రోజున నేను రావచ్చా?"

ఆవిడ వెనక్కి తిరిగి వాళ్ల భాషలో ఎవరితోనో మాట్లాడింది. పెద్దాయన గొంతు వినిపించింది, బాగా ముసలిదైపోయింది.

"రావచ్చట" అంది.

"ఎప్పుడు తెరుస్తారో ముందే చెప్తే టికెట్టు కొనుక్కుంటాను."

"ముందే ఎవరికీ చెప్పరు, ఓం. ఆ రోజు పొద్దున చర్చి గంట కొడతారు. ఊళ్లో ఉన్నవాళ్లకే వినిపిస్తుంది" అంది.